పధ్నాలుగో నంబరు కళ్ళు

గోపాలకృష్ణయ్య బాబాయి వెబ్‌సైటు మొదలుపెట్టిన ఏడు నెలల్లో దాన్ని జనం తెరిచింది నూట పన్నెండుసార్లు. అందులో అరవైసార్లు చూసింది నేనే. మిగిలినవాళ్ళలో సగం మంది దారితప్పి వచ్చి, రెండు సెకన్లు నిలబడి వెళ్ళిపోయారు.

మాచర్ల బస్టాండు వెనక నా షాపు. ఆధార్ జిరాక్సుల నుంచి పెళ్ళి కార్డుల దాకా అన్నీ చేస్తాను గానీ, మెహ్జబీన్ అంటే ఊళ్ళో నలుగురికి తెలిసింది వెబ్‌సైట్ల వల్లే. మిర్చి వ్యాపారికి, కోచింగ్ సెంటరుకి, పళ్ళ డాక్టరుకి నేనే చేశాను. గూగుల్లో వెతికితే నా గిరాకీల పేరే పైన రావాలి, రాకపోతే నాకు అన్నం సయించదు. అలాంటిది ఈ ఒక్క సైటు మాత్రం నన్ను ముప్పుతిప్పలు పెట్టింది.

బాబాయి దుర్గి దగ్గర షెడ్డులో రాళ్ళు చెక్కుతాడు. మా అబ్బాజాన్ అబ్దుల్ హమీద్ బతికున్నన్నాళ్ళూ ఆయన ఉలులకు పదును పెట్టాడు. ఆ అభిమానంతో సైటు ఊరికే చేసిపెట్టాను. ఊరికే చేసిన పనే కదా అని వదిలేసే రకాన్ని కాదు. నందుల్ని పెట్టాను, నాగశిలల్ని పెట్టాను, పొలాల గట్ల మీద నిలబెట్టుకునే పోయినవాళ్ళ బొమ్మల్ని పెట్టాను. ఒక్కడూ లోపలికి తొంగిచూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొత్త ఫొటోల కోసం ఆగస్టు మొదట్లో షెడ్డుకి వెళ్ళాను. బాబాయి ఒక నందిని లారీకెక్కించే పనిలో రోడ్డు మీద ఉన్నాడు. నేను ఒక్కదాన్నే లోపలంతా తిరుగుతూ, మూలన గోనెపట్టా కప్పి ఉన్న రాయిని చూసి పట్టా లాగాను.

ఇరవయ్యేళ్ళ ఆడపిల్ల. జడ ముందుకు వేసుకుంది. పెదవులు ఏదో చెప్పబోయి ఆగినట్టున్నాయి. బాబాయి చేతిలో ఇంత పని ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కానీ కనుబొమ్మల కింద కళ్ళు లేవు. రెండు నున్నటి ఉబ్బులు ఉన్నాయంతే. పని సగంలో ఆగిందనుకుని, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, పట్టా మళ్ళీ కప్పి వచ్చేశాను. ఆయన్ని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు.

షాపుకొచ్చి పెద్ద తెర మీద చూస్తే భయం వేసింది. కళ్ళు లేని మొహాన్ని ఎవరు చూస్తారు, వేలితో పైకి తోసేస్తారు. ఫొటోలు దిద్దే యాప్‌లో ముప్పై రకాల కళ్ళున్నాయి. ఒక్కొక్కటే తగిలించి చూశాను. పధ్నాలుగో నంబరు సరిపోయింది. రాయి రంగు కలిపి, కొంచెం నీడ వేసేసరికి అవి ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కుదిరిపోయాయి. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

పదకొండో తారీఖున దాన్ని సైటు మొదటి పేజీలో పెట్టాను. ఫేస్‌బుక్కులో ప్రకటన కూడా ఇచ్చాను. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు ఇలాంటివాటికి ఆగి చూస్తారని నా అనుభవం. అందుకని బయటి రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్ళకు చూపించు అనే చోట టిక్కు పెట్టాను. ఆ టిక్కు పెట్టిన వేలు ఇదే.

నాలుగు రోజుల్లో రెండు లక్షల నలభై వేల మంది చూశారు. మా అమ్మీకి చూపించాను, టీ కొట్టు అతనికి చూపించాను. ఎనిమిదిమంది మాకూ ఇలాంటి బొమ్మ చేసిపెడతారా అని రాశారు. బాబాయికి ఫోన్ చేస్తే ఎప్పటిలాగే స్విచ్చాఫ్.

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. ఏడు నెలల్లో ఒక్కసారీ నా షాపు గడప తొక్కని మనిషి, చొక్కా మీద రాతిపొడితోనే బస్సెక్కి వచ్చాడు. ఎవరో ఆయనకి ఫోన్లో చూపించారట.

"ఎవురు తెరిచారమ్మాయ్, ఆ పిల్లకి కళ్ళు?"

"నేనే బాబాయ్. రాయికి కాదులే, ఫొటోకి."

"రాయికైతేంది, ఫొటోకైతేంది. చూసినోళ్ళకి తెరిచినట్టే గదా." కుర్చీ చూపించినా కూర్చోలేదు. "కళ్ళు ఆఖర్న చెక్కుతాం. ఇంటోళ్ళు వచ్చి, మనిషి పోయిందని నోటితో చెప్పి, ఎదురుగా నిలబడాల. అప్పుడు గానీ ఉలి పెట్టను. బతికున్న మనిషి రాయికి కళ్ళు తెరిస్తే, ఆ మనిషికి కళ్ళు మూతపడతయ్యంటారు. మా తాత కాడ నుంచి ఎవురూ తప్పలా."

"ఈ అమ్మాయి బతికుందా?"

"ఎవురికి తెలుసు. దాచేపల్లి కోటేశ్వరి కూతురు, నాగమల్లేశ్వరి. తొమ్మిదేళ్ళ కింద విజయపురి సౌత్ కాడ, కాలవ గట్టు మీద చెప్పులు దొరికినయ్. మనిషి దొరకలా. తల్లొచ్చి రాయి చేపిచ్చుకుంది గానీ కళ్ళొద్దంది. ఏడాదికోసారి వస్తది, పట్టా తీసి చూసుకుంటది, ఇంకా వద్దన్నా అని పోతది."

ఫొటోకి కూడా ఇంత పట్టింపేంది బాబాయ్ అనబోయాను. ఆయన మొహం చూసి మింగేశాను. ఆయన కళ్ళముందే పేజీ తీసేశాను. అక్కడ 'ఈ పేజీ లేదు' అనే ఒక్క వాక్యం మిగిల్చాను. ఆయన తెర వంక చూసి, "పోయిందా?" అన్నాడు. పోయిందన్నాను.

పోలేదు. పదిమందిలోకి తోయడం వచ్చు గానీ, వెనక్కి లాక్కోవడం నాకు రాదని ఆ వారంలో తెలిసింది. ఎవరో ఆ బొమ్మకు దండ వేసి ఓం శాంతి అని రాశారు. ఎవరో పాట కలిపారు. ఇంకో మహానుభావుడు ఆ కళ్ళు రెప్పలార్పేలా వీడియో చేశాడు. బజ్జీల బండి దగ్గర నిలబడితే, బండివాడి ఫోన్ సీసాకి ఆనించి ఉంది. అందులో ఆ పిల్ల నన్ను చూసి రెప్పలార్పింది. మా అమ్మీకి బంధువులు పంపే గుడ్ మార్నింగుల్లోనూ వచ్చింది. ఎవరివో తెలియని పధ్నాలుగో నంబరు కళ్ళు, ఎక్కడ చూసినా నావైపే. నేను ఫోన్‌ను బోర్లా పెట్టడం మొదలుపెట్టాను. దయ్యాలంటే నవ్వే మనిషిని, కంప్యూటరు ఆన్ చేయాలంటే బిస్మిల్లా అనుకునేదాన్ని అయ్యాను.

అప్పుడే ఇంకోటి గమనించాను. సైటును ఏ క్షణాన ఎంతమంది చూస్తున్నారో నాకు ఒక అంకె కనిపిస్తుంది. తీసేసిన పేజీకి సున్నా ఉండాలి. కానీ రోజూ సాయంత్రం నాలుగూ పది కాగానే ఆ సున్నా ఒకటి అయ్యేది. ఎవరో ఒక్కరు, బళ్ళారి నుంచి, ఏమీ లేని ఆ పేజీని తెరిచి, నలభై నిమిషాలు కదలకుండా ఉండేవారు. మళ్ళీ సున్నా. వెనక్కి వెళ్ళి చూస్తే పదిహేడో తారీఖు నుంచీ ఒక్కరోజు కూడా తప్పలేదు. ఖాళీ పేజీలో నలభై నిమిషాలు ఏం చూస్తారు? ఆ అంకె మారే వేళకు నేను తెర ముందు నుంచి లేచిపోయేదాన్ని.

కోటేశ్వరి ఇరవైనాలుగున వచ్చింది. యాభై దాటిన మనిషి, సున్నం రాయి మోసి మోసి అరచేతులు పగిలి ఉన్నాయి. బాబాయి పంపాడని చెప్పి స్టూలు మీద కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"తలుపు దగ్గరికెయ్యమ్మా," అంది. వేశాను.

"నా బిడ్డ కాలవలో పడలా. చెప్పులు ఆడ ఇడిచింది నేనే."

ఆమె నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయింది. కూతురు ఇష్టపడ్డ అబ్బాయి లారీ డ్రైవరు, పేరు జయకర్. వాళ్ళ వాడ వేరు, వీళ్ళ వాడ వేరు. సంగతి తెలిసి ఆమె మరిది శివాజీ కత్తి తీసుకుని వెతకడం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దర్నీ సిమెంటు లారీ ఎక్కించి పంపింది తల్లే.

"ఎక్కడికి పోతన్నారో నాకు చెప్పొద్దన్నా. కొడితే చెప్పేస్తానేమోనని నా భయం. నంబరు గూడా వద్దన్నా. నంబరుంటే మాట్టాడాలనిపిస్తది."

"మరి రాయి ఎందుకు పిన్నీ?"

"మనిషి లేదని ఊరు నమ్మాల గదా. లారీ ఎక్కేటప్పుడే దానికి చెప్పా. నీ పేరున రాయి చేపిస్తా, కళ్ళు మాత్రం తెరిపిచ్చనే. ఆ కళ్ళు మూసుకోనున్నన్నాళ్ళూ మీ అమ్మ నీ కోసం చూస్తన్నట్టే. తెరిపిచ్చానని తెలిసిన్నాడు నిన్ను ఒదులుకున్నట్టే అనుకో, అన్నా." కొంగుతో మూతి తుడుచుకుంది. "మా మరిది నీ ఫొటో చూసి మొన్న పిండం పెట్టిచ్చాడు. తొమ్మిదేళ్ళకి నమ్మాడు. ఇంక దాన్ని ఎవురూ ఎతకరు, ఈ ఊరొచ్చి నన్ను చూసిపోయినా భయం లేదు. నువ్వు చెప్పు, నా బిడ్డ బతికుందా లేదా? నీ మిషన్లో తెలుస్తదని గోపాలకృష్ణయ్యన్న చెప్పాడు."

ఏ మిషన్లో తెలుస్తుంది? గోడ గడియారం చూశాను. నాలుగు కావస్తోంది. ఆమె స్టూలును నా పక్కకు జరిపి, ఆ అంకె చూపించాను. బళ్ళారి నుంచి రోజూ ఎవరో వస్తున్నారని, ఎవరో నాకు తెలియదని, ఆశ పెట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాను. ఆమె మొదటి మాట తప్ప ఏదీ వినలేదు.

నాలుగూ పదికి సున్నా ఒకటి అయింది. కోటేశ్వరి తెర మీద అరచెయ్యి ఆనించింది. "వచ్చిందా?" అంది, గడపలో నిలబడ్డ మనిషిని పలకరించినట్టు. నాకు ఏడుపొచ్చింది. నేను ఎవరి ముందూ ఏడ్చే మనిషిని కాదు.

"ఆ పేజీలో మాటలు రాయొచ్చు పిన్నీ. ఏం రాయను?"

ఆమె ఆలోచించలేదు. "కళ్ళు నేను తెరిపిచ్చలా. ఫోన్లో ఎవురో తెరిచారు. రాయికి అట్టనే మూసుకోనున్నయ్. ఇంతే రాయి."

"ఎవరో కాదు, నేనే అని రాస్తాను."

"నీ పేరు దానికెందుకమ్మా."

ఆమె చెప్పిన మాటలే అక్షరం మార్చకుండా పెట్టాను. కింద జవాబు రాసే గడి పెట్టాను. అవతలివాళ్ళు పేజీ మళ్ళీ తెరిస్తే గానీ ఆ మాటలు కనపడవు. ఆ రోజు తెరవలేదు. నాలుగూ యాభైకి సున్నా అయింది.

మర్నాడు ఆమె పనికి పోకుండా మూడింటికే వచ్చి కూర్చుంది. నాలుగూ పదికి ఒకటి వచ్చింది. రెండు నిమిషాలకే పోయింది. ఐదున్నర బస్సు దాకా ఇద్దరం చూశాం, మళ్ళీ రాలేదు. "భయపడిందేమో," అంది కోటేశ్వరి. "రేపొస్తాలే తల్లీ," అని వెళ్ళిపోయింది.

పొద్దున్నే షాపు తీసేసరికి జవాబు ఉంది.

'సైటు నడిపేవారికి, నా పేరు జయకర్. నాగమల్లేశ్వరి నా భార్య. ఆమె ఫోను ఇప్పుడు నా దగ్గర ఉంటుంది. మా అత్తకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ముందు మీరు ఫోన్ చెయ్యండి.'

కింద నంబరు ఉంది. చేశాను. వెనక లారీల చప్పుడు. గొంతు మెత్తగా ఉంది.

డెంగీ అట. ఆగస్టు మొదటివారంలో జ్వరం మొదలైంది, పదో తారీఖున పెద్దాసుపత్రిలో చేర్చాడు. పదమూడున కాస్త తేరుకుని మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తుంటే, నా ప్రకటన ఆమె ముందుకొచ్చింది.

"నాకు చూపిచ్చిందక్కా. మా అమ్మ కళ్ళు తెరిపిచ్చింది, ఇంక నన్ను ఒదులుకుంది, అన్నది. ఆ తర్వాత మాట్టాడలా. గోడవైపుకి తిరిగి పడుకుంది. పదహారు పొద్దున పోయింది. రక్తంలో కణాలు పడిపోయినయ్యని డాక్టర్లు చెప్పారు. అదే అయ్యుంటది. మీరేం మనసులో పెట్టుకోబాకండి."

నేను కుర్చీలో కూర్చున్నానో నిలబడ్డానో గుర్తులేదు.

"ఆ ఫోన్లో మీ పేజీ తెరిచే ఉంది. నాకు రోజూ నాలుగింటికి లోడింగు. అయిందాకా క్యాబిన్లో కూర్చోని దాని మొహం చూసేవాణ్ణి. ఇంట్లో ఫొటోలున్నయ్ గానీ, ఆ వయసుది ఒక్కటీ లేదు. మీరు తీసేశాక గూడా, మళ్ళా పెడతారేమోనని తెరిచి కూర్చునేవాణ్ణి."

పదకొండు, పదమూడు, పదహారు. ఆ మూడు అంకెలే నా తలలో తిరుగుతున్నాయి. రాతికి కళ్ళు తెరిస్తే మనిషి పోతుందని నేను నమ్మను. ఈ సంగతిలో నమ్మకంతో పనేముంది? ఆమె నమ్మింది. గోడవైపుకి తిరిగింది.

"జయకర్ గారూ," అన్నాను. "మీ అత్తకి, తొమ్మిదో తారీఖున పోయిందని చెప్పగలరా?"

"ఎందుకక్కా?"

"నేను ఫొటో పెట్టింది పదకొండున."

"ఎవురి కోసం?" అన్నాడు.

"మీ అత్త కోసం," అన్నాను. ఆ మాట నా చెవికే అతకలేదు. ఆయన సరేననలేదు, కాదనలేదు. ఆమె వచ్చాక చెయ్యమని పెట్టేశాడు.

కోటేశ్వరి పదకొండు గంటల బస్సుకి వచ్చింది. మొహానికి పౌడరు రాసుకుంది, నేత చీర కట్టుకుంది. కూతురు మాట్లాడుతుందేమో అనుకుని ముస్తాబై వచ్చింది. నా మొహం చూసి ఆమే చేతిసంచి కింద పెట్టింది. నంబరు కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచాను.

"అత్తా," అన్నాడు జయకర్. అని ఏడ్చాడు.

ఆమె ఏడవలేదు. ఫోన్ వైపు వంగి, అతను తేరుకునేదాకా, "ఊరుకో నాయనా, ఊరుకో," అంటూ కూర్చుంది. తర్వాత అడిగింది. "ఎప్పుడు?"

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"తొమ్మిదో తారీఖత్తా. జ్వరమొచ్చి."

కోటేశ్వరి నావైపు తిరిగింది. "నువ్వు ఫొటో పెట్టింది ఎప్పుడమ్మా?"

"పదకొండున పిన్నీ."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిది, పది, పదకొండు. మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది. "పిల్లలు?" అని ఫోన్లో అడిగింది. నిలవలేదన్నాడతను. ఆమె తల ఆడించింది, అతనికి కనపడదని కూడా మరిచిపోయి.

"పోయేటప్పుడు నన్నేమన్నా అన్నదా?"

ఇది నేనూ అతనూ అనుకోలేదు. తారీఖు ఒక్కటే అనుకున్నాం. నాగమల్లేశ్వరి చివరగా అన్న మాట నాకు తెలుసు, అతనికి తెలుసు. ఫోన్ అందుకుని కట్ చేద్దామని చెయ్యి చాపాను కూడా.

"అన్నదత్తా," అన్నాడు జయకర్. గొంతు ఈసారి వణకలేదు. "రాయికి కళ్ళు ఇంకా మూసే ఉన్నయ్, మా అమ్మ నా కోసం చూస్తానే ఉంది, అన్నది. ఆ మాట అనే నిద్రపోయింది."

అప్పుడు ఏడ్చింది కోటేశ్వరి. తొమ్మిదేళ్ళు ఏ గోడ చాటునా ఏడవడానికి వీల్లేక దాచుకున్నదంతా నా షాపులో, జిరాక్సు మిషన్ పక్కన కూర్చుని ఏడ్చింది. గిరాకీలు వచ్చి, గుమ్మంలోనే ఆగి వెళ్ళిపోయారు. నేను నీళ్ళు తెచ్చి పట్టుకుని నిలబడ్డాను.

చివరికి లేచి, మొహం తుడుచుకుని, నా తల మీద చెయ్యి వేసింది. "నీ వల్ల కాదులే తల్లీ. రాత్రుళ్ళు నిన్ను చానా తిట్టుకున్నా. మనసులో పెట్టుకోమాక."

చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆ చెయ్యి అలాగే ఉండాలని నాకు ఎంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది. నోరు మూసుకున్నాను.

"సోమవారం కళ్ళు తెరిపిచ్చమని అన్నకి చెప్తా. ఎదురుగా నిలబడేదానికి నాకింకెవురూ లేరు. నువ్వు రా."

వస్తానన్నాను. సోమవారం పొద్దున దుర్గి బస్సు ఎప్పటిలాగే నా షాపు ముందు ఆగి, హారన్ కొట్టి, కదిలింది. నేను ఎక్కలేదు.